సెక్షన్లు మార్చేటప్పుడు ఆ ఇద్దరినీ విడదీయకండి

కర్నూలు జిల్లాలోని హెడ్మాస్టర్లకు, ప్రిన్సిపాళ్లకు, క్లాస్ టీచర్లకు నమస్కారం.

జూన్ 12న బడులు తెరుస్తారు. దానికి వారం ముందు మీ ఆఫీసు గదుల్లో ఒక లిస్టు తయారవుతుంది. ఏ పిల్లలు ఏ సెక్షన్లో కూర్చోవాలో అందులో ఉంటుంది. కొన్నిచోట్ల మార్కులను బట్టి రాస్తారు, కొన్నిచోట్ల అక్షరక్రమంలో రాస్తారు, కొన్నిచోట్ల "వీళ్లిద్దరూ కలిస్తే ఒకటే ముచ్చట్లు సార్" అని పాత టీచర్ చెప్పిన మాటను బట్టి రాస్తారు. గంటలో అయిపోయే పని. ఈ ఉత్తరం ఆ లిస్టు గురించే. అది నోటీసు బోర్డు మీదికి ఎక్కకముందే మీకు అందాలని తొందరపడి రాస్తున్నాను.

మా పాప ఈ ఏడు ఐదో తరగతికి వస్తుంది. బాగా సిగ్గరి. ఇంట్లో గలగలా మాట్లాడుతుంది. వాళ్ల జేజికి రోజూ రాత్రి కథ చెప్పేది ఇదే, జేజి కాదు. గడప దాటితే మాత్రం నోరు పెగలదు. పేరేమిటని ఎవరైనా అడిగితే నా కొంగు వెనక్కు పోతుంది. నేను కొన్నాళ్లు "మా పాపకు సిగ్గెక్కువండీ" అని దాని ముందే అందరికీ చెప్పుకుంటూ వచ్చాను. ఆ మాట విని విని తనకు అదే పేరనుకుందేమో అని ఇప్పుడు బాధపడతాను.

రెండో తరగతిలో దాని పక్కన ఒక పిల్ల వచ్చి కూర్చుంది. రెండో రోజో మూడో రోజో మా పాప రబ్బరు తీసుకుపోవడం మరిచిపోయింది. ఆ పిల్ల తన రబ్బరును పళ్లతో కొరికి రెండు ముక్కలు చేసి ఒకటి దీనికిచ్చింది. అంతే, జట్టు కట్టారు. ఆ రెండేళ్లూ పాప బడికి ఎగురుకుంటూ పోయింది. అది బడి గొప్పతనమో, మా పెంపకమో అనుకున్నాం. ఆ ఒక్క పిల్ల వల్లే అని అప్పుడు తెలియలేదు.

పోయిన జూన్‌లో నాలుగో తరగతి లిస్టులో ఆ పిల్ల పేరు 'ఎ' సెక్షన్ కింద, మా పాప పేరు 'సి' సెక్షన్ కింద వచ్చాయి. ఆఫీసుకు పోయి అడిగాను. "చిన్న పిల్లలమ్మా, రెండ్రోజుల్లో కొత్త ఫ్రెండ్స్ అయిపోతారు" అన్నారు. అన్నవాళ్లు మంచి మనసుతోనే అన్నారు. ఎక్కువమంది పిల్లల విషయంలో అది నిజం కూడా. మా పాప విషయంలో రెండ్రోజులు కాదు, ఆరు నెలలు గడిచినా కాలేదు.

మధ్యాహ్నం డబ్బా సగం తినకుండానే తిరిగొచ్చేది. ఆకలి లేదనేది. ఒకరోజు నీళ్ల సీసా మరిచిపోయిందని ఇంటర్వెల్ టైములో బడికి పోయాను. గేటు దగ్గర నుంచి చూశాను. వేపచెట్టు మొదట్లో నిలబడి ఉంది. బూటు కొనతో మట్టిలో గీస్తోంది, మళ్లీ కాలితోనే చెరిపేస్తోంది. పదడుగుల దూరంలో ఐదారుగురు ఆడపిల్లలు తాడాట ఆడుతున్నారు. గీతలు గీస్తున్నంతసేపూ కళ్లు మాత్రం ఆ తాడు మీదే. బెల్లు కొట్టగానే అందరికంటే ముందు క్లాసులోకి పరిగెత్తింది. ఇంటర్వెల్ ఎప్పుడు అయిపోతుందా అని ఎదురుచూసే పిల్లలు కూడా ఉంటారని ఆరోజే అర్థమైంది నాకు. సీసా వాచ్‌మన్ చేతికిచ్చి వచ్చేశాను. బండి మీద ఇంటికి వచ్చేంతవరకూ ఏడుపు ఆగలేదు.

తర్వాత పేరెంట్స్ మీటింగులో పది మంది తల్లిదండ్రుల ముందు టీచర్ దాన్ని "ఏం పాపా, నీకు నోరు లేదా?" అని అడిగారు. నవ్వుతూ చనువుగానే అడిగారు. అందరూ నవ్వారు. మా పాప యూనిఫాం గుండీని పట్టుకుని తిప్పుతూనే ఉంది, దారం తెగి గుండీ చేతిలోకి వచ్చేదాకా. ఆ రాత్రి ఆ గుండీ కుట్టాను. అది నా పక్కనే కూర్చుని "అమ్మా, నాకు నోరుంది కదా" అంది.

అప్పటి నుంచి ఎవరి సలహా వాళ్లు చెప్పారు. స్టేజీ ఎక్కించండి, అసెంబ్లీలో మైకు ఇవ్వండి, డాన్స్ క్లాసులో చేర్చండి, భయం అదే పోతుంది అని. స్టేజీ ఎక్కించాం కూడా. ముందురోజు రాత్రి జ్వరం వచ్చింది, పోయి నాలుగు లైన్లు అప్పజెప్పి వచ్చింది, చప్పట్లు కొట్టారు. మర్నాడు మళ్లీ వేపచెట్టు కిందే. నాకు అర్థమైనంతవరకు స్టేజీ ధైర్యం ఒకటి, స్నేహం ఇంకొకటి. మైకులో పద్యం గడగడా చదివే పిల్లకు కూడా పక్కన కూర్చుని డబ్బా పంచుకునే మనిషి లేకపోవచ్చు. సిగ్గరి పిల్లలకు ముందుగా కావలసింది వందమంది చప్పట్లు కాదు, పక్కన ఒక్క మనిషి.

ఈ సిగ్గు పొగరు కాదని, పెంపకంలో లోపం కాదని తెలుసుకోవడానికి నేను చాలా చదివాను. హార్వర్డ్ యూనివర్సిటీలో జెరోమ్ కేగన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దాదాపు 500 మంది నాలుగు నెలల పసిబిడ్డలను గమనించారు. కళ్లముందు కొత్త బొమ్మ ఊపినా, ఎప్పుడూ వినని చప్పుడు వినిపించినా, ఐదుగురిలో ఒకరు కాళ్లూ చేతులూ కొట్టుకుంటూ ఏడ్చేవారట. పెరిగేకొద్దీ కొత్త మనుషుల ముందు వెనక్కు తగ్గే పిల్లలు వాళ్లలోనే ఎక్కువగా తేలారు. అంటే ఇది చాలావరకు పుట్టుకతో వచ్చే తత్వం. అలాగని అదే రాత అనుకోనక్కర్లేదు. ఆ బిడ్డల్లో కూడా అందరూ అలాగే ఉండిపోలేదు. చుట్టూ ఉన్నవాళ్లు ఎలా చూసుకుంటారన్నది కూడా లెక్కలోకి వస్తుంది.

ఒక మాట. మాట్లాడని పిల్లలందరూ ఒకటి కాదు, దయచేసి వాళ్లను ఒకే గాటన కట్టకండి. కొందరికి ఒంటరిగా ఉండటం నిజంగానే ఇష్టం. చెట్టు కింద పుస్తకం పట్టుకున్న పిల్లవాడు తల ఎత్తకుండా చదువుకుంటున్నాడంటే వాడి మానాన వాణ్ని వదిలేయొచ్చు. సిగ్గరి పిల్ల అలా కాదు, కళ్లు ఎప్పుడూ ఆట మీదే ఉంటాయి. మనసు పోదామంటుంది, కాలు కదలదు. ఇంకొందరికి అడ్డు సిగ్గు కాదు, భాష. ఆదోని, కోసిగి వైపు ఇంట్లో కన్నడ మాట్లాడే పిల్లలు, మన పాతబస్తీలో ఉర్దూ మాట్లాడే పిల్లలు తెలుగు క్లాసులో మూగగా కూర్చుంటే వాళ్లను సిగ్గరులనుకోవడం పొరపాటు. వాళ్ల భాష వచ్చిన ఇంకో పిల్ల పక్కన పడితే వారంలో తేడా కనపడుతుంది. ఇక ఇంట్లో బాగా మాట్లాడుతూ, బడిలో నెలల తరబడి ఒక్క మాట కూడా పలకని పిల్లలు ఉంటారు, దాహం వేసినా, బాత్రూంకు పోవాలన్నా అడగలేరు. అది మొండితనం కాదు, టెన్షన్‌తో గొంతు పట్టేస్తుంది. బడిలో చేరిన మొదటి నెల సంగతి వేరు గానీ, ఆ తర్వాత కూడా అలాగే ఉంటే తల్లిదండ్రులను పిలిచి మెల్లగా చెప్పండి. పిల్లల మానసిక వైద్యులకు చూపించాలి. ఎవరిని అడగాలో తెలియకపోతే ప్రభుత్వం వాళ్ల టెలీ మానస్ నంబరు 14416 ఉంది, డబ్బులు పడవు.

ఇప్పుడు మా పాప సంగతికి వస్తాను. "పోయి నన్నూ ఆడించుకోండి అని అడుగు" అని నేను రోజూ చెప్పి పంపేదాన్ని. ఒకరోజు ధైర్యం చేసి అడిగిందట. "మేం ఆల్రెడీ ఆరుమంది ఉండాము" అన్నారట వాళ్లు. తర్వాత రెండు వారాలు అది ఆ వైపే పోలేదు. నేను చెప్పిన సలహానే తప్పని తర్వాత తెలిసింది. ఆటలో ఉన్న గుంపులోకి కొత్త పిల్లలు ఎలా చేరతారో మార్తా పుటల్లజ్, జాన్ గాట్‌మన్ అనే ఇద్దరు పరిశోధకులు రెండు, మూడు తరగతుల పిల్లలను చూసి 1981లో రాశారు. పోయీ పోగానే ప్రశ్నలు అడిగేవాళ్లను, తమ గురించి చెప్పుకునేవాళ్లను, ఇలా కాదు అలా ఆడాలనేవాళ్లను గుంపు అంత తేలిగ్గా కలుపుకోదు. ముందు అక్కడ ఏం జరుగుతోందో చూసి, దానికి తగ్గట్టు మెల్లగా చెయ్యి కలిపేవాళ్లు కలిసిపోతారు. మన వీధి పిల్లలను చూసినా ఇదే కదా. బయటికి పోయిన బంతి తెచ్చిచ్చినవాడు పది నిమిషాల తర్వాత ఫీల్డింగ్ చేస్తూ కనపడతాడు. వాణ్ని ఎవరూ పిలవలేదు, వాడు ఎవర్నీ అడగలేదు.

తాడాటలో తాడు తిప్పడానికి ఎప్పుడూ ఇద్దరు కావాలి. తిప్పే పని ఎవరికీ ఇష్టముండదు, అందరికీ ఎగరాలనే ఉంటుంది. సిగ్గరి పిల్లకు ఆ తాడు కొస ఒక వరం. నోరు తెరవనక్కర్లేదు, అయినా ఆటలో ఉన్నట్టే. నేను ఇంట్లో మంచం కోడుకు తాడు ఒక కొస కట్టి, రెండో కొస దానికిచ్చి తిప్పడం నేర్పాను. గ్రౌండ్‌లో ఉన్న టీచర్ "ఈ పాప తిప్పుతుందిలే, నువ్వు ఎగురు" అని ఒక్క మాట అంటే చాలు. ఆ మాట అనడానికి మీకు ఐదు సెకన్లు పట్టదు.

సంక్రాంతి సెలవుల తర్వాత మా పాప క్లాసుకు కొత్త టీచర్ వచ్చారు. ఆమె పేరు రాయను, ఆమెకు ఇష్టముండదు. ఆమె మొదటి వారమంతా మా పాపను ఏమీ అడగలేదట, ఊరికే చూశారు. తర్వాత రోజూ ఉదయం ఆఫీసు నుంచి హాజరు పట్టీ, చాక్‌పీసుల డబ్బా తెచ్చే పని మా పాపకు, ఇంకో పిల్లకు కలిపి ఇచ్చారు. ఆ ఇంకో పిల్లను కూడా ఆషామాషీగా ఎంచలేదు. నెమ్మదస్తురాలు, ఎవర్నీ ఎగతాళి చేయదు, తనకూ పెద్ద జట్టు లేదు. మూడు వారాలు ఆ ఇద్దర్నే పంపారు, మార్చలేదు. పోతూ ఒక వరండా, వస్తూ ఒక వరండా, మధ్యలో మెట్లు. మొదటి నాలుగైదు రోజులు ఇద్దరూ ఏమీ మాట్లాడుకోలేదు. ఒకరోజు ఆ పిల్ల మా పాప స్వెటర్ వంక చూసి "మీ ఇంట్లో పిల్లి ఉందా?" అని అడిగింది. స్వెటర్ మీద తెల్ల వెంట్రుకలున్నాయి. అవునో కాదో కూడా చెప్పని మా పాప, పిల్లి పేరు, దాని మూడు కూనల పేర్లు, ఏ కూనకు ఏ కన్ను చుట్టూ మచ్చ ఉందో అన్నీ చెప్పేసరికి ఆఫీసు గది దాటి పోయారట. వెనక్కు తిరిగి రావాల్సి వచ్చిందట.

ఇంటికొచ్చి ఈ సంగతి చెప్పినప్పుడు అది చెప్పులు కూడా విడవలేదు.

నా వంతు నేను చేశాను. పుట్టినరోజు పేరుతో ఇరవై మందిని పిలిస్తే సిగ్గరి పిల్ల తన ఇంట్లోనే మూలకు పోతుంది, అది ఒకసారి అయ్యింది మాకు. అందుకే ఆదివారం ఆ ఒక్క పిల్లనే పిలిచాను, గంటన్నరకు. వాళ్లమ్మకు ఫోన్ చేసి నేనే తెచ్చి నేనే దింపుతానన్నాను. వీళ్లిద్దరికీ బారాకట్ట నేర్పింది మా అత్త, గింజలు వేసి గడుల్లో కాయలు జరిపే ఆట. నాలుగు చింతగింజలు తీసుకుని మా ఇంటి ముందు బేతంచర్ల నాపబండ మీద ఒకవైపు అరగదీయమంది. ఇద్దరూ గొంతుక్కూర్చుని రెండేసి గింజలు రుద్దారు. గింజ వేడెక్కి వేలు కాలుతుంది, ఊదుకోవడం, మళ్లీ రుద్దడం. తెల్లటి పప్పు కనపడేవరకు పావుగంట పట్టింది. ఆట మొదలుకాకముందే సగం స్నేహం అక్కడ అయిపోయింది. ఇలాంటి ఆటల్లో ఒక సుఖముంది. ఇద్దరి చూపూ గడుల మీదే ఉంటుంది, ఎదుటి మనిషి మొహంలోకి చూడనక్కర్లేదు. చేతిలో పని ఉంటే నోటికి మాట దానంతటదే వస్తుంది. ఉగ్గాని, బజ్జీ పెట్టి, ఇంకా ఆడాలని ఇద్దరికీ ఉండగానే దింపి వచ్చాను.

పాత స్నేహితురాలు? ఇప్పుడూ ఎదురుపడితే నవ్వుకుంటారు. 'ఎ' సెక్షన్లో ఆమెకు వేరే జట్టు కుదిరింది. ఎవరి తప్పూ కాదు. ఆ రబ్బరు ముక్క మాత్రం ఇంకా మా పాప జామెట్రీ బాక్సులోనే ఉంది, వాడదు.

స్నేహం కుదరడం ఒక ఎత్తు, నిలవడం ఇంకో ఎత్తు. చలాకీ పిల్లలకు ఒక జట్టు పోతే ఇంకొకటి దొరుకుతుంది. సిగ్గరి పిల్లలు ఒక్కో స్నేహానికి నెలలు ఖర్చు పెడతారు. దాన్ని పెద్దవాళ్లం మనం ఒక సంతకంతో తెంపేస్తాం, తెంపినట్టు మనకు తెలియను కూడా తెలియదు. 2022లో 117 జీవోతో 3, 4, 5 తరగతులను హైస్కూళ్లలో కలిపినప్పుడు దూరం గురించి, టీచర్ పోస్టుల గురించి ఎంతో చర్చ జరిగింది, జరగాల్సిందే. 2025లో ఆ జీవో పోయి మళ్లీ కొత్త రకం బడులు వచ్చాయి. ఈ రెండుసార్లూ పక్కపక్కన కూర్చున్న పిల్లలు ఎంతమంది వేర్వేరు బడుల్లో పడ్డారో నాకు చర్చల్లో ఎక్కడా వినపడలేదు.

మా అక్క ఆదోని వైపు ఒక ప్రైమరీ స్కూల్లో టీచరు. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు పల్లెల నుంచి జనం సుగ్గికి పోతారు కదా, గుంటూరు వైపు మిరప కోతలకు, పత్తి తీయడానికి. పిల్లలను కూడా వెంటబెట్టుకుని పోతారు. నెలల తర్వాత తిరిగొచ్చేసరికి పాఠాలు ముందుకు పోయి ఉంటాయి, ఆ లోటు అందరికీ కనపడుతుంది. బెంచీ మీద తన చోట్లో ఇంకొకరు ఉంటారు, అది ఎవరికీ కనపడదు. మా అక్క ఆ చోటును ఖాళీగా ఉంచుతుంది. పక్క పిల్లతో "వాడు వచ్చినాక నువ్వే చెప్పాల, ఏమేమి పాఠాలు అయినాయో గుర్తు పెట్టుకో" అని ముందే ఒప్పందం చేసుకుంటుంది. వచ్చిన రోజు ఆ పిల్లాడు గుమ్మం దగ్గర నిలబడిపోకుండా నేరుగా పోయి కూర్చుంటాడట. బడి మానేసే పిల్లల గురించి లెక్కలు రాసేవాళ్లు ఈ బెంచీ సంగతి కూడా పట్టించుకోవాలని నా అభిప్రాయం.

పాఠం చెప్పే పద్ధతిలోనూ ఒక దారి ఉంది. 1971లో అమెరికాలోని ఆస్టిన్ అనే ఊళ్లో నల్లజాతి, తెల్లజాతి, మెక్సికన్ పిల్లలను అప్పుడప్పుడే ఒకే బడుల్లో కలిపారు, రోజూ కొట్లాటలు. ఎలియట్ ఆరన్సన్ అనే ప్రొఫెసర్ పాఠాన్ని ముక్కలు చేసి, గుంపులో ఒక్కొక్కరికి ఒక్కో ముక్క ఇప్పించారు. ఎవరి ముక్క వాళ్లు చదివి మిగతావాళ్లకు చెప్పాలి. ఆ పిల్ల నోరు తెరిస్తేనే మిగతావాళ్లకు పాఠం పూర్తవుతుంది, కాబట్టి వాళ్లే ఓపిగ్గా వింటారు. మన పిల్లలకైతే తుంగభద్ర పాఠం తీసుకోండి. తుంగ, భద్ర కర్ణాటకలో కూడ్లి దగ్గర కలవడం ఒకరికి, హోస్పేట డ్యాం ఒకరికి, సుంకేసుల దగ్గర కర్నూలు-కడప (కేసీ) కాలువ బయల్దేరడం ఒకరికి, మన ఊరి పక్కన హంద్రీ వచ్చి కలవడం ఒకరికి. నలుగురి ముందు చెప్పడం నలభై మంది ముందు లేచి నిలబడటం లాంటిది కాదు. శనివారాలు నో బ్యాగ్ డే ఉన్న బడుల్లో దీనికి టైము కూడా దొరుకుతుంది.

అన్నిటికంటే ముందు ఆ లిస్టు. పాత క్లాస్ టీచర్‌కు ఒక్క ఫోన్ చేసి, ఈ క్లాసులో జట్టు లేని పిల్లలు ఎవరు, ఒకే ఒక్క జట్టు ఉన్నవాళ్లు ఎవరు అని అడగండి. వచ్చే ఏప్రిల్‌లో అయితే ఇంకా తేలిక. ఎవరి పక్కన కూర్చోవాలని ఉందో మూడు పేర్లు చిట్టీ మీద రాయమనండి. అవి మీరొక్కరే చూడండి, పిల్లల ముందు చదవకండి. ఎవరి చిట్టీలోనూ రాని పేర్లు ఉంటాయి, వాళ్ల మీద కన్నేసి ఉంచండి. ప్రతి సిగ్గరి పిల్లకూ తను రాసిన మూడు పేర్లలో ఒకటైనా తన సెక్షన్లో ఉండేలా చూడండి. మార్కుల కోసం సెక్షన్లు చేసే బడులు కూడా ఇంతమాత్రం చేయగలవు, ఒక పేరు అటు నుంచి ఇటు మార్చడమే. ముచ్చట్లు పెడుతున్నారని ఇద్దర్నీ విడదీసేముందు, వాళ్లలో ఒకరు అంతకుముందు ఎప్పుడైనా మాట్లాడిందా అని చూడండి. మాటే రాని పిల్లకు మాట వస్తోందంటే ఆ కాస్త గోల ఓర్చుకోమని చేతులు జోడించి అడుగుతున్నాను.

మీ మీద ఎంత పని ఉందో మా అక్కను చూసి తెలుసుకున్నాను. రికార్డులు, యాప్‌లు, ఫోటోలు, ట్రైనింగులు. అందుకే ఇంకో రిజిస్టరు పెట్టమనడం లేదు.

పోయిన ఆదివారం ఆ పిల్ల మళ్లీ మా ఇంటికి వచ్చింది. సాయంత్రం దింపి వచ్చాక మా పాప చింతగింజలు లెక్కపెట్టి పాత క్యారమ్ పౌడర్ డబ్బాలో వేసుకుంటూ, "అమ్మా, ఐదో తరగతిలో ఇద్దరమూ ఒకే సెక్షనేనా?" అని అడిగింది. తెలియదన్నాను. "టీచర్‌ను అడుగుతావా?" అంది. అడుగుతానని మాటిచ్చాను.

ఇట్లు,
ఐదో తరగతికి వస్తున్న ఒక పాప తల్లి,
కర్నూలు.